అతుకు కనిపిస్తే తలాక్

కఫ్ర్ అబూ శోష,
రజబ్ 21.

అలెగ్జాండ్రియా మన్షియ్య బజారులో పనిముట్ల దుకాణం నడిపే ఉస్తాద్ ఫహీమ్ రిజ్‌కల్లా గారికి,

తివాచీల పనిలో ఉస్తా అనిపించుకున్న మేస్త్రీ ముర్సీ అబూ దీబ్ సలాములు. మీరూ, మీ దుకాణమూ, దుకాణం ముందు రోడ్డూ చల్లగా ఉండాలి. మేమిక్కడ క్షేమం.

అయ్యా, మా ఊరివాడొకడు కువైట్‌లో బాగుపడి మా మసీదుకి తివాచీ పంపాడు. సాదా ఆకుపచ్చ రంగు, రెండు చుట్టలు. హాలేమో చుట్టకంటే వెడల్పు. అంటే రెండు ముక్కలూ పక్కపక్కన పరిచి మధ్యలో కలపాలి. తొమ్మిది మీటర్ల పొడవున ఒకటే గీత. ఆ గీత దేవుడి కంటికి తప్ప ఇంకెవరి కంటికీ కనపడకూడదు. ఈ పని ఈ జిల్లాలో నేను తప్ప చేసేవాడు లేడు, ఆ సంగతి మీరు వినే ఉంటారు.

కాబట్టి నాకో మంచి ఇస్త్రీపెట్టె కావాలి. గట్టిది, బాగా వేడెక్కేది. రమజాన్ లోపు, షాబాన్ ఆఖరి శుక్రవారానికి పని పూర్తి కావాలి. రకాలేమున్నాయో చూసి, మీ చేత్తో మీరే ఏరి పంపండి. కుర్రాళ్ళకి వదలకండి.

ఇట్లు,
ఉస్తా ముర్సీ అబూ దీబ్
(వేలిముద్ర)

తా.క.: ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యని, నబవియ్యని. ఆయనకి చదవడం, రాయడం రెండూ రావు. ఆయన చెప్పింది పైన రాశాను, చెప్పనిది కింద రాస్తున్నాను. మీ జవాబు చదివి వినిపించేదీ నేనే కాబట్టి మీరు ధైర్యంగా రాయొచ్చు. సంగతేమిటంటే, కాఫీ హోటల్లో అందరి ముందూ ఈయన, "నేను అతికిన చోటు ఏ మనిషైనా కనిపెట్టి వేలు పెట్టి చూపిస్తే నా మీద తలాక్!" అని ఒట్టేశాడు. ఇలా నోరు జారడం ఇది మూడోసారి. మొదటిసారి పుచ్చకాయ ఎర్రగా ఉంటుందని ఒట్టేశాడు, కోస్తే తెల్లగా ఉంది. రెండోసారి బంతాట మీద. రెండుసార్లూ మా మసీదు షేక్ గారు చీవాట్లు పెట్టి మళ్ళీ కలిపారు. మూడోసారి పోతే ఇక కలిపేది లేదని మా ధర్మం. ముప్పై ఏళ్ళ కాపురం ఉస్తాద్, ఆ అతుకు మీద ఉంది. గోడ నుంచి గోడ దాకా తివాచీ పరచడం ఆయనకి ఇదే మొదలు. ఇది కూడా ఆయన చెప్పలేదు.

*

అలెగ్జాండ్రియా,
రజబ్ 26.

గౌరవనీయులైన ఉస్తా ముర్సీ గారికి,

ఫహీమ్ రిజ్‌కల్లా వినయపూర్వకంగా రాసుకున్నది. తమ ఉత్తరం అందింది. మా దుకాణం పెట్టి ఇరవై రెండేళ్ళయింది, ఇంతవరకు తివాచీకి ఇస్త్రీ చేయించుకునే ఊరిని చూడలేదు. కఫ్ర్ అబూ శోష ప్రజల శుభ్రతకు నా జోహార్లు.

తాము కోరిన ప్రకారం స్వయంగా ఏరి, దుకాణంలోకెల్లా బరువైన దర్జీ ఇస్త్రీపెట్టెను పంపుతున్నాను. దీని కింద పెడితే పడవ తెరచాప కూడా నోరెత్తదు. తొమ్మిది మీటర్ల పొడవన్నారు కాబట్టి గంజిపొడి రెండు పొట్లాలు జతచేశాను. పలుచగా చల్లండి. గంజి ఎక్కువైతే సజ్దాకు వంగినవారి నుదురు అంటుకుపోయే ప్రమాదం ఉంది.

తమ సేవలో,
ఫహీమ్ రిజ్‌కల్లా

తా.క.: అమ్మా నబవియ్యా, మీ బాధ చదివి నా మనసు పాడైపోయింది. మీ ఇద్దరి మధ్య అతుకు నిలవాలంటే ఇంట్లో ముడతలు పోవాలి. ఇస్త్రీపెట్టె చల్లారాక ఇంట్లోకీ వాడుకోండి.

*

కఫ్ర్ అబూ శోష,
షాబాన్ 2.

ఉస్తాద్ ఫహీమ్ గారికి ముర్సీ సలాములు. సగమే పంపుతున్నాను, మిగతా సగం కోపం తగ్గాక.

ఫహీమ్ అంటే ఇట్టే అర్థం చేసుకునేవాడని మా ఆవిడ చెప్పింది. ఆ పేరు మీకెవరు పెట్టారయ్యా! నేను చాకలినా? బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె పంపుతారా? పార్శిల్ విప్పేటప్పుడు పక్కన ఎవడున్నాడో తెలుసా? ఇస్త్రీ కొట్టు జిన్హుమ్! నా చేత ఒట్టేయించిందే వాడు. "రెండు ముక్కల తివాచీ మీద నమాజు చేస్తే ఒక కాలు ఒక ఊళ్ళో, ఒక కాలు ఇంకో ఊళ్ళో ఉన్నట్టుంటుంది" అని కాఫీ హోటల్లో కూశాడు. నాకు ఒళ్ళు మండదా? ఇప్పుడు ఆ గంజి పొట్లాలు చూసి, "ఉస్తా, పోటీ కొట్టు పెడుతున్నావా, అన్నయ్యా?" అని నేల మీద పడి దొర్లాడు.

సరిగ్గా వినండి. నాక్కావలసింది తివాచీలు అతికేవాళ్ళ ఇస్త్రీపెట్టె. పీట లాగా పొడుగ్గా, బల్లపరుపుగా ఉంటుంది. దాంతో పాటు మోకాలు ఒకటి. ముళ్ళున్నది, గట్టిగా తన్నేది కావాలి. పట్టీ పన్నెండు మీటర్లు, జిగురున్నది. చక్రం ఒకటి. ఇంతకంటే విడమరిచి చెప్పడం మా నాన్న వల్ల కూడా కాదు.

ఇట్లు,
ఉస్తా (చాకలి కాదు) ముర్సీ అబూ దీబ్

తా.క.: గంజి పారెయ్యడమెందుకని ఆయన గలాబియ్యాకి పెట్టాను. మీరు పలుచగా అన్నారు, నేను వినలేదు. ఆ అంగీ ఇప్పుడు తలుపు వెనక తనంతట తానే నిలబడుతోంది. నిన్న సాయంత్రం ఆయనే అనుకుని దాని ముందు టీ గ్లాసు పెట్టి, అరగంట సేపు కష్టసుఖాలు చెప్పుకున్నాను. ఇంత ఓపిగ్గా ఆయనెప్పుడూ వినలేదని అప్పుడు అనుమానమొచ్చింది.

*

అలెగ్జాండ్రియా,
షాబాన్ 7.

పూజ్యులైన ఉస్తా ముర్సీ గారికి,

జరిగిన పొరపాటుకు ఫహీమ్ తల వంచి క్షమాపణ కోరుతున్నాడు. తమ రెండో ఉత్తరాన్ని నేనూ, మా గుమాస్తా ఇద్దరం కూర్చుని, వేడి వేడి ఫూల్ చిక్కుళ్ళు తింటూ పదం పదం చదివాము.

ఇస్త్రీపెట్టె సంగతి తరవాత చూద్దాం. ముందు ప్రాణం ముఖ్యం. మోకాలి విషయం చదివి మేమిద్దరం తినడం ఆపేశాం. మోకాలికి ముళ్ళు దిగాయనీ, తన్నుతోందనీ, పన్నెండు మీటర్ల పట్టీ కావాలనీ రాశారు. పన్నెండు మీటర్ల పట్టీ చుట్టే మోకాలు మనిషిది కాదు. ఒంటెదని మా గుమాస్తా వెంటనే కనిపెట్టాడు, తెలివైనవాడు. చక్రం అడిగారంటే బండి కూడా విరిగిందన్నమాట. ఎంత కష్టం వచ్చిపడింది ఉస్తా!

తమరు దిగులు పడవద్దు. దమన్‌హూర్‌లో నాకు తెలిసిన పశువుల డాక్టరు ఉన్నారు, డాక్టర్ షుక్రీ గారు. ఒంటెలంటే ప్రాణం పెడతారు. ఆయనకు తంతి ఇచ్చాను. ఒకటి రెండు రోజుల్లో తమ ఇంటికి వస్తారు. ఒంటెను నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి.

తమ కష్టంలో పాలుపంచుకునే,
ఫహీమ్ రిజ్‌కల్లా

తా.క.: అమ్మా, ఒంటె పేరేమిటి? మా గుమాస్తా అడగమన్నాడు.

*

కఫ్ర్ అబూ శోష,
షాబాన్ 12.

ఫహీమ్!

సలాములు ఈసారి లేవు.

నీ డాక్టరు వచ్చాడు. ఇంజక్షన్లు, తాళ్ళు, ఇద్దరు మనుషులతో సహా దిగాడు. "ఒంటె ఎక్కడ?" అన్నాడు. "లేదు" అన్నాను. "చచ్చిపోయిందా?" అని నన్ను కావలించుకుని ఏడ్చాడు. మా పెరట్లో గాడిద ఉంటే, ఇంతదూరం వచ్చినందుకని దాని పళ్ళు చూసి, అది కరిస్తే వెళ్ళాడు.

అక్కడితో అయిపోలేదు. ముర్సీ ఇంట్లో ఒంటె ఉందట, కాలు విరిగిందట, ఇక కోసేస్తాడట అని ఊరంతా పాకింది. మసీదు తివాచీ సందర్భంగా ముర్సీ ఊరికి ఒంటె విందు పెడుతున్నాడని జిన్హుమ్ ఇంకో ముక్క తగిలించాడు. తెల్లారేసరికి మా వాకిట్లో నలభై గిన్నెలు! "నాకు తొడ ముక్క ఉస్తా", "మా ముసలాయనకి పళ్ళు లేవు, మెత్తగా ఉన్నచోట కొయ్యి నాయనా" అని ఒకటే గోల. ఒంటె లేదంటే పిసినారి అంటున్నారు. మూపురం నేనొక్కడినే దాచుకుని తింటున్నానని మా చెల్లెలే మాట్లాడటం మానేసింది.

ఇంక రెండు వారాలు కూడా లేవు. తివాచీ చుట్టలు మసీదులో అలాగే పడున్నాయి. మా ఆవిడ బొమ్మలు గీస్తానంటోంది. అవి చూడు. అప్పటికీ అర్థం కాకపోతే నీ పేరు మార్చుకో.

ముర్సీ

తా.క.: ఉస్తాద్, ఒకటో బొమ్మ ఇస్త్రీపెట్టె. రెండు ముక్కల అంచుల కిందా జిగురు పట్టీ పరిచి, దాని మీద ఈ పెట్టెని వేడిగా జరుపుతూ పోతే జిగురు కరుగుతుంది, వెనకాలే అంచులు నొక్కాలి. రెండోది మోకాలు: ఒక చివర పళ్ళు, ఒక చివర దిండు. మోకాలితో తంతే తివాచీ ముందుకి జరుగుతుంది, అందుకే ఆ పేరు. మూడోది అంచులు నొక్కే చక్రం. నాలుగో బొమ్మ ఒంటె కాదు, ఆయన. నిన్న గిన్నెలవాళ్ళ మీద "నా ఇంట్లో ఒంటె ఉంటే నా మీద త..." అని మొదలుపెట్టాడు. ఒంటె లేదు కాబట్టి భయం లేదు కానీ, ఈయన అదృష్టానికి ఏదో ఒకటి ఆ క్షణంలోనే నడుచుకుంటూ వస్తుందని నోట్లో రొట్టెముక్క కుక్కేశాను. ఈ మధ్య ఎప్పుడూ చేతిలో రొట్టెముక్క పట్టుకునే తిరుగుతున్నాను.

*

అలెగ్జాండ్రియా,
షాబాన్ 15.

ఉస్తా ముర్సీ గారికి,

బొమ్మలు చూశాను. సిగ్గుతో నా మీసం దించేసుకున్నాను. డాక్టర్ షుక్రీ గారు కూడా నాతో మాట్లాడటం లేదు, గాడిద కాటు మానలేదట.

ఇక అసలు విషయానికి వస్తాను. రేవు దగ్గర ఓడల్లో, హోటళ్ళలో తివాచీలు పరిచే మేస్త్రీలు నలుగురిని పిలిచి, టీ పోయించి, గంటన్నర అడిగి తెలుసుకున్నాను. ఇస్త్రీపెట్టెల్లో రెండు రకాలు ఉన్నాయి. సన్నగా ఉన్నది గోడవారన పనికి, వెడల్పుది పొడవాటి అతుక్కి. తమకు వెడల్పుది పంపుతున్నాను. దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. మూడు దాటవద్దు. దాటితే తివాచీ అడుగు కాలి, అతుకు గట్టులా లేస్తుంది. చక్రాల్లో ముళ్ళదీ, నున్నదీ ఉన్నాయి. తమ తివాచీ మెత్తటి పోగుది కాబట్టి ముళ్ళది పోగుని పీకేస్తుందన్నారు. చెక్కతో చేసిన నున్నది ఎంచాను. పట్టీ వెడల్పుది. మోకాలు దిండు మందంగా ఉన్నది, తమ వయసుకి అది మంచిది. అంచులు కోసే కత్తి ఒకటి నా తరఫున కానుక.

తమ విజయాన్ని కోరే,
ఫహీమ్ రిజ్‌కల్లా

తా.క.: అమ్మా, మా చర్చిలో మీ పేరున కొవ్వొత్తి వెలిగించాను. ఎందుకని ఫాదర్ అడిగితే "తివాచీ అతుకు కోసం" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, తన నీళ్ళ గ్లాసు నాకిచ్చారు.

*

కఫ్ర్ అబూ శోష,
షాబాన్ 27.

ప్రాణ మిత్రుడు ఉస్తాద్ ఫహీమ్ గారికి,

వెయ్యి సలాములు! మొన్న బాకీ పడ్డ సగం కూడా కలిపి పంపుతున్నాను.

గెలిచాను ఉస్తాద్! పార్శిల్ సోమవారం అందింది. మంగళవారం తివాచీ అతికేశాను. మా మసీదు గోడలు ఒకవైపూ, నమాజుకి తిరగాల్సిన కిబ్లా ఇంకోవైపూ ఉంటాయి కాబట్టి తివాచీ ఏటవాలుగా పడుతుంది. ఎటువైపు ఎంత కోశానో ఎవడికీ చెప్పలేదు, కొలిచి కనిపెట్టే దారి లేదు. శుక్రవారం దాకా ఎవరూ కాలు పెట్టొద్దని తలుపులేయించాను. అన్ని రోజులూ నమాజు బయట ముంగిట్లోనే.

శుక్రవారం జుమా కాగానే తలుపులు తీశారు. పరీక్షకి షేక్ దర్దీర్ గారిని నిలబెట్టారు. ఆయనకి చూపు లేదు కానీ, పాదాలకి లేని చూపు లేదు. ఎవరింట్లో గచ్చు ఎక్కడ బీటిచ్చిందో నడిచి చెప్పేస్తాడు. వట్టి కాళ్ళతో అంగుళం అంగుళం నడిచాడు. నాకు చెమటలు పట్టి గలాబియ్యాలో గంజి కరిగిపోయింది. ఆ చివర దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "ఈ తివాచీకి మధ్యలో ఏమీ లేదర్రా, నా కాళ్ళైనా ముసలివయ్యాయి, లేదా ముర్సీ అయినా మేస్త్రీ అయ్యాడు" అన్నాడు. తరవాత జిన్హుమ్ బోర్లా పడుకుని, చెంప ఆనించి పాకాడు. తేలు కుట్టినట్టు మొహం పెట్టుకుని లేచాడు.

అంతటితో ఊరుకోవాలా? "అతుకు లేదంటే అసలు తివాచీ ఒకటే ముక్కగా వచ్చిందేమో, ఇందులో ముర్సీ గొప్పేముంది?" అన్నాడు వెధవ! జనం కూడా "అవును సుమా" అన్నారు. నాకు కళ్ళు ఎర్రబడిపోయాయి. "ఒకటే ముక్కా? రండ్రా, నా పనితనం నేనే చూపిస్తా!" అని వేలు చాపుకుంటూ హాలు మధ్యకి నడిచాను. షేక్ గారు వెనక నుంచి, "ఒరే ముర్సీ! ఏ మనిషైనా చూపిస్తే అన్నావు. నువ్వు మనిషివి కాదట్రా?" అని అరిచాడు. జాలీ తెర వెనక ఆడవాళ్ళందరూ ఒక్కసారి కేక పెట్టారు. అయినా నేను ఆగలేదు. అంత కోపంలో ఎవడాగుతాడు?

ఉస్తాద్, నాకు దొరకలేదు! నేను అతికిన అతుకు నాకే దొరకలేదు! రెండో స్తంభం పక్కనే ఉండాలి. మోకాళ్ళ మీద వెతికాను, బోర్లా పడుకుని వెతికాను. సాయంత్రం అసర్ నమాజుకి అజాన్ అయ్యేదాకా వెతికాను. నా అంత మేస్త్రీ ఈ ప్రపంచంలో లేడని తేలిపోయింది. అంతా మీ ఇస్త్రీపెట్టె మహిమ. దాని గురించి ఊరూరా చెబుతాను.

మీ
ఉస్తాల ఉస్తా, ముర్సీ అబూ దీబ్

తా.క.: ఉస్తాద్, చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ఆయన పక్కనే కూర్చున్నాడు. చదవడం రాకపోయినా, తను చెప్పినదానికంటే ఉత్తరం పొడుగ్గా ఉందని కనిపెట్టాడు. "ఏం రాస్తున్నావే?" అంటున్నాడు. "దీవెనలు" అన్నాను.

*

కఫ్ర్ అబూ శోష,
రమజాన్ 6.

తమ్ముడు ఫహీమ్‌కి,

నబవియ్య దీవెనలు. నిజం దీవెనలే. ఈ ఉత్తరం నా సొంతం, ఎవరూ చెప్పించింది కాదు. నా కాపురం కోసం కొవ్వొత్తి వెలిగించినవాడికి నిజం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మీ ఇస్త్రీపెట్టెని ఊరూరా పొగిడించుకోకండి. మీరు మూడు దాటొద్దన్నారు, నేను చదివి వినిపించాను. "అలెగ్జాండ్రియా కరెంటు వేరు, మన కరెంటు వేరు" అని ఈయన ఏడు దాకా తిప్పాడు. మంగళవారం సాయంత్రం ఆడవాళ్ళ వైపు ఊడవడానికి వెళ్ళి చూశాను, ఆ వైపు తలుపు వేయించాలని ఆయనకి తోచలేదు. ఏం చెప్పమంటారు! అతుకు పొడుగునా గట్టు లేచింది. షేక్ గారి పాదాల దాకా అక్కర్లేదు, గుమ్మంలో నిలబడ్డ మేక చూపిస్తుంది. ఇంటికొచ్చి "ఎలా వచ్చింది?" అంటే, "అద్దం!" అన్నాడు.

ఆ రాత్రి నాకు ఏడుపాగలేదు. కోపంతో కొంత, భయంతో ఎక్కువ. వదిలేసి పోతే పీడా పోతుందని ఒక క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆయన లేకపోతే నాకు తోచదు తమ్ముడూ. ఇంట్లో అరిచేవాడు లేకపోతే నేనెవరి మీద అరవను?

నేను కైరోలో గుడారాలు కుట్టేవాళ్ళ ఇంట పుట్టాను. వంకర సూదీ, మైనం పూసిన దారం నాకు ఉగ్గుపాలతో వచ్చాయి. బుధ, గురువారాలు మధ్యాహ్నం మగవాళ్ళందరూ కునుకు తీసే వేళకి, మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం మసీదులో చేరాం. మీ ఇస్త్రీపెట్టెని మూడు మీద పెట్టి ఆ పట్టీ మొత్తం ఊడదీశాం. అతికించడం సంగతేమో కానీ, ఊడదీయడానికి దాన్ని మించింది లేదు. కాలిన అంచులు రెండు వైపులా జానెడు కోసేసి, ఒక ముక్కని రెండోదాని దగ్గరికి లాగి, అడుగు నుంచి చేత్తో కుట్టాను. పైన పోగు దువ్వెనతో దువ్వాం. తివాచీ గోడ దగ్గర తక్కువైతే, కురాన్లు పెట్టే అల్మారాలన్నీ వరసగా జరిపి నిలబెట్టాం. అందుకే ఆయన వెతికిన చోట ఆయన అతుకు లేదు. ఈ సంగతి ఏడుగురు ఆడవాళ్ళకి తెలుసు, ఊళ్ళో ఒక్క మగవాడికీ తెలియదు.

మొన్నటిదాకా ఆయనకీ చెప్పలేదు. కానీ గెలిచాక ఆయన నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. రమజాన్ మొదలై మూడు రోజులు కాలేదు, నెలవంక మీద ఒకటి, బెండకాయల మీద ఒకటి ఒట్టు వెయ్యబోయాడు. నా చేతిలో రొట్టె అయిపోయింది, ఓపికా అయిపోయింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. అతుకు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఆయన చాలాసేపు నా చేతుల వంక చూశాడు. "నువ్వు కుట్టావా?" అన్నాడు.

నిన్న ఇఫ్తార్ దగ్గర మళ్ళీ పాత పాటే ఎత్తుకున్నాడు. పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. నేను సరిపోయిందన్నాను. "ఇది సరిపోయిందా? నా మీద త..." అని లేచాడు.

నేను చప్పుడు చెయ్యకుండా చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు.

"మసీదుకి. రాత్రి తరావీహ్ నమాజుకి జనమంతా వస్తారుగా. తివాచీ మీద ఒకచోట వేలు పెట్టి చూపించి వస్తాను. నేను మాత్రం మనిషిని కానా?"

తమ్ముడూ, ఆయన నన్నూ, నా చెప్పుల్నీ, పులుసునీ మార్చి మార్చి చూశాడు. మెల్లిగా కూర్చున్నాడు.

"నా మీద త... తప్పు నాదే. ఉప్పు సరిపోయింది" అన్నాడు.

ఇట్లు,
మీ అక్క,
నబవియ్య

తా.క.: ఉప్పు నిజంగానే తక్కువైంది.